అందరం కలిసి అన్న మాట

మొన్న మా పాప ఆన్‌లైన్ ఇంగ్లీషు క్లాసు కోసం కొన్న హెడ్‌ఫోన్ డబ్బా విప్పగానే కొత్త స్పాంజి వాసన గుప్పుమంది. దానితో పాటే వరంగల్ కొత్తవాడలోని మా పాత వీధి, గంజి పెట్టిన నూలు వాసన, రంగుల బానల ఘాటు, ఇంటింటా జంపఖానాలు నేసే మగ్గాల దడదడ, దసరా సెలవుల్లో గునుగు పూలకు రంగులద్ది ఆరబెట్టిన అరుగులు, సద్దుల బతుకమ్మ నాడు నువ్వుల సత్తుపిండి అంటుకున్న వేళ్లు, చిర్రగోనె ఆటలో కర్రముక్క తగిలి బొప్పి కట్టిన నుదుళ్లు, అన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి.

అలాంటి సెలవుల్లోనే, వీధి చివర ఇంటర్నెట్ సెంటర్ నడిపే రమేశన్న, ఎక్కడో వేరే దేశంలో ఉండే ఒక టీచరమ్మతో మాట్లాడి, పొద్దున పూట మాకు ఉచితంగా ఇంగ్లీషు చెప్పించే ఏర్పాటు చేశాడు. ఒకే కంప్యూటరు, దాని ముందు చాపల మీద వీధిలోని పిల్లలమంతా. ఆమె మాటలు స్పీకర్లలో వినిపించేవి. మైకున్న హెడ్‌ఫోన్ మాత్రం, బడిలో క్లాసు లీడరును కాబట్టి, నా మెడలో ఉండేది.

మా బడిలో చదువంటే సారు అన్నదాన్ని అందరం గొంతెత్తి తిరిగి అనడమే. అందుకే తెర మీద కనిపించిన టీచరమ్మ, తన మాట మాకు వినిపిస్తోందో లేదోనని "కెన్ యూ హియర్ మీ?" అని అడగ్గానే, నేను చెయ్యి ఊపాను, అందరం పైకప్పు ఎగిరిపోయేలా "కెన్ యూ హియర్ మీ?" అన్నాం. ఆమె మళ్లీ అడిగింది, మేం మళ్లీ అన్నాం. ఆమె చెవి చూపించింది, మేమూ చెవులు చూపించాం. చివరికి ఆమె తల పట్టుకుంటే, అదీ పాఠమేననుకొని మేమూ పట్టుకున్నాం.

"అన్నా, ఆమె అడుగుతాంది. మనకు ఇనవడ్తాందా అని," అంది వెనక నుంచి మా చెల్లె స్వరూప.

"నీకేం ఎరుకనే? మేడమ్ ఎట్లంటే అట్లనాలె. సప్పుడు చెయ్యక కూసో."

స్వరూప కూచోలేదు. నా మెడలోని మైకు దగ్గరికి వంగి "ఎస్ మేడమ్" అంది. టీచరమ్మ ముఖం వెలిగిపోయింది. చప్పట్లు కొట్టి పేరడిగింది. "ఓ, స్వరూప ఫారిన్ పోతాంది!" అని పిల్లలు ఎగిరారు. "శభాష్ బిడ్డా, రేపటి సంది మైకు నువ్వే పట్టుకో," అన్నాడు రమేశన్న.

ఇంటికెళ్లి అమ్మతో, "ఇది ఆడ అందరితోని అనకుంట ఎదురు మాట్లాడతాందమ్మా. మేడమ్ తలకాయ పట్టుకున్నది," అన్నాను. చెప్పినవన్నీ జరిగినవే. అమ్మ మగ్గం మీంచి దిగకుండానే, "ఇగ నువ్వు పోకు, ఇంట్ల నూలు కండెలు సుట్టు," అంది స్వరూపతో. స్వరూప నా వంక చూసి, కండెల బుట్ట ముందుకు లాక్కుంది.

మర్నాడు హెడ్‌ఫోన్ నా మెడలోనే ఉంది. టీచరమ్మ మా ముఖాలన్నీ వెతికి "స్వరూపా?" అంది. అది ప్రశ్న అని అప్పటికే నాకు తెలుసు. అయినా చెయ్యి ఊపాను. అందరం కలిసి "స్వరూపా?" అన్నాం.

అసూయతో చేశానా, వరస తప్పిందని నిజంగానే కోపం వచ్చిందా? ఇన్నేళ్లయినా తేల్చుకోలేకపోతున్నాను. తేలితే మాత్రం స్వరూపకేం ఒరుగుతుందో అదీ తెలియదు. ఆమె మళ్లీ ఆ చాపల మీదికి రాలేదు, అంతవరకే తెలుసు.

ఇప్పుడు మా వీధిలో మగ్గాల చప్పుడు వెతికితే గాని వినపడదు. రమేశన్న సెంటరు ఉన్నచోట మొబైల్ షాపు ఉంది. పిల్లలు ఎవరింట్లో వాళ్లు, ఎవరి తెర ముందు వాళ్లు; పదిమంది ఒక్క గొంతుతో తప్పు చెప్పే ఆ అరుపు ఎక్కడా లేదు.

మొన్న క్లాసు మధ్యలో చెవులు నొస్తున్నాయని పాప హెడ్‌ఫోన్ వైరు పీకి పక్కన పెట్టింది. బతుకమ్మ పేర్చడానికి వచ్చిన స్వరూప ఆ పక్కనే కూచొని తంగేడు పూలు తుంపుతోంది. ట్యాబ్‌లోంచి టీచరు "కెన్ యూ హియర్ మీ?" అంది.

"ఎస్ మేడమ్," అంది స్వరూప, తలెత్తకుండానే.

"అత్తా, మైక్ బంద్ ఉన్నది!" అని పాప పకపకా నవ్వింది. స్వరూప కూడా నవ్వింది. ఆమెకు ఆనాటి సంగతి గుర్తుందో లేదో ఆ నవ్వులో నాకు దొరకలేదు. మైకు ఆన్ చేసి, ట్యాబ్‌ను ఆమె వైపు జరిపాను.

"నా చేతులు ఖాళీ లెవ్వన్నా, పోరికియ్యి," అంది.

టీచరు జవాబు కోసం చూస్తూనే ఉంది.