కళ్ళకద్దుకున్న పూస

జెర్సీ సిటీ నుంచి మాన్‌హాటన్ వెళ్ళే రైల్లో, పక్కసీటు అమ్మాయి చిన్న డబ్బా తెరిచింది. లోపల మిరియాలంత పూసలు, తెల్లవి, నల్లవి, ఎర్రవి. ఆమె మెడలో ఓం లాకెట్ చూసి తెలుగులోనే పలకరించాను. జపమాల పూసలే అనుకుని, ఎర్రది ఒకటి తీసుకుని కళ్ళకద్దుకున్నాను.

ఆమె పగలబడి నవ్వింది.

"ఆంటీ, ఇవి వీడ్‌కి, గంజాయికి! దాని వ్యాక్స్ పీల్చడానికి వేడి చేసే గిన్నెలో వేస్తాం. వైట్‌ది క్వార్ట్జ్, తొందరగా చల్లారిపోతుంది. బ్లాక్‌ది సిలికాన్ కార్బైడ్, ఫాస్ట్‌గా హీట్ అవుతుంది. రూబీ బెస్ట్, హీట్ పట్టుకుంటుంది. ల్యాబ్‌లో చేస్తారు."

పూస గబుక్కున తిరిగిచ్చేశాను. అప్పుడు ఆమె చూపు నా ఉంగరం మీద పడింది. మా ఆయన ఉద్యోగం పోయింది. వీసా రూలు ప్రకారం అరవై రోజుల్లో ఇంకోటి దొరక్కపోతే దేశం వదలాలి. అందుకని జ్యోతిష్కుడు పెట్టుకోమన్న కెంపు అది. ఆ అమ్మాయి అడగనైనా అడగకుండా నా వేలు పట్టుకుని, పూసను రాయి పక్కన పెట్టి చూసింది.

"సేమ్ ఆంటీ. రియల్ రూబీ ఇంత క్లీన్‌గా ఉండదు. నాది హీట్ పట్టుకుంటుంది. మీది ఏం చేస్తుంది?"

నేనూ నవ్వాను. ఆ నవ్వుకే ఇప్పటికీ నా మీద నాకు ఒళ్ళు మండుతుంది.

ఉంగరం మాత్రం తీయలేదు. రైలెక్కే ముందు రాయిని అరచేతి వైపు తిప్పుకుంటాను.