ఫార్మలిన్ పోసిన సీసా

రొమ్ములో గడ్డ ఉన్న సంగతి నా భార్య నాకు చెప్పడానికి మూడు నెలలు పట్టింది. ఆత్మకూరు డాక్టరమ్మ సూదితో రెండు చిన్న ముక్కలు తీసి, రెండు సీసాల్లో వేయించింది. చెన్నైకి మేమే తీసుకెళ్లాలి. ఒకటి సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసే పాథాలజీ వాళ్లకు. రెండోది, ముక్కను పెద్ద అయస్కాంతంలో ఉంచి అందులోని రసాయనాలను చదివే పరిశోధనశాలకు.

మొదటి సీసాలో ఫార్మలిన్ ఉంది. మంచుపెట్టెలో ఉన్న రెండోది పొడిగా ఉంది. మూత తియ్యొద్దని నర్సు చెప్పింది. చిన్నపిల్ల, పోయడం మరిచిపోయి ఉంటుందని నేనే తీర్మానించుకున్నాను. ఉదయగిరి హైస్కూల్లో ముప్పై నాలుగేళ్లు సైన్సు చెప్పి, కప్పల్నీ చేపల్నీ ఫార్మలిన్‌లో నిలవ చేసినవాణ్ణి. బస్సెక్కే ముందు మొదటి సీసాలోంచి రెండోదాంట్లోకి కాస్త ఒంపి, ఆ టైము డైరీలో రాసుకున్నాను.

పరిశోధనశాలలో ఉన్నది తెలుగమ్మాయే. సీసాను వెలుతురుకు పట్టి చూసింది.

"ఇందులో ఏం పోశారు సార్? క్యాన్సరుంటే కోలిన్ అనే పదార్థం పెరుగుతుంది, స్క్రీను మీద దాని గీత పైకి లేస్తుంది. ఫార్మలిన్ పడితే లోపలి రసాయనాలే మారిపోతాయి. ఇది ఇంక పనికిరాదు."

నేను డైరీ తీసి, ఫార్మలిన్ పోసిన టైము చూపించాను. పక్కనున్న నా భార్య మాత్రం, "ఏంది సారూ, ఇన్నేండ్లు కప్పలకు పోసినారు, ఇప్పుడు నాకు గూడా పోసినారా?" అంది. ఆ అమ్మాయి నవ్వాపుకోలేకపోయింది. నేను తలెత్తలేదు.

మొదటి సీసాలోని ముక్క చాలా చిన్నదై, ఏదీ తేలలేదు. గడ్డ మొత్తం తీసి చూడాలన్నారు. ఆపరేషను చెన్నైలోనే జరిగింది. లోపలికి తీసుకెళ్తుంటే నా భార్య నర్సుతో, "తీసిందాన్ని మా సారు చేతికి మాత్రం ఇయ్యొద్దు తల్లీ" అని చెప్పి మరీ వెళ్లింది.

మరునాడు పరిశోధనశాల అమ్మాయి, తీసిన గడ్డలోని ముక్కను అయస్కాంతంలో పెట్టి, నాకు స్క్రీను చూపించింది. కోలిన్ ఉండాల్సిన చోట గీత చిన్న మిట్టలా ఉంది, అంతే.

"బాగానే ఉంది సార్. కానీ మాది ఇంకా పరిశోధనే. ఆఖరి మాట పాథాలజీ డాక్టరుదే."

సగం ఊపిరి అక్కడ పీల్చుకున్నాను. మిగతా సగానికి తొమ్మిది రోజులు పట్టింది. పాథాలజీ రిపోర్టు వచ్చిందని ఆత్మకూరు డాక్టరమ్మ ఫోన్ చేసి, క్యాన్సరు కాదంది. ఫోను నా భార్యకిచ్చాను.

"కుట్లు ఎప్పుడు విప్పుతారమ్మా? చెయ్యి లేవక, జడేసుకోలేక ఛస్తా ఉండాను" అంది ఆమె.

ఆ పూట జడ నేను వేశాను. వంకరగా వచ్చింది. ఆమె విప్పి మళ్లీ వెయ్యమనలేదు.