నూటికి నూరు హాజరు

ఆ రోజుల్లో పాఠం చెప్పడమంటే ఆపకుండా చెప్పడమేనని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. (ఆ రోజులంటే ఎప్పుడో కాదు, కరోనా రోజులే. అప్పటికి నా తలమీద జుట్టూ, అంతకంటే ఒత్తుగా గర్వమూ ఉండేవి.) మదనపల్లెలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పడానికి ఆరు నెలల ఒప్పందం మీద చేరాను. చేరిన నెలకే ఆన్‌లైన్ క్లాసులన్నారు. అద్దెగదిలో గోడకి తెల్లదుప్పటి కట్టి, పైన ఇస్త్రీ చొక్కా, కింద లుంగీతో, పొద్దున ఎనిమిదింటికి మొదలుపెడితే తొమ్మిదిదాకా ఊపిరి తీసుకోకుండా దంచేవాణ్ణి. పిల్లల మైకులన్నీ ముందే మూసేసేవాణ్ణి. అవతల చప్పుడు లేకపోతే, ఎంత శ్రద్ధగా వింటున్నారో అని మురిసిపోయేవాణ్ణి.

అందులోనూ పుంగనూరు పక్క పల్లెలో ఉండే ఒకమ్మాయి ఒక్కరోజు కూడా మానలేదు. నాకంటే ముందే వచ్చి, నేను వెళ్ళాక గానీ వెళ్ళేది కాదు. ఆమెకు 'నూటికి నూరు' అని పేరు పెట్టుకున్నాను. అందుకే నా ఒప్పందం పొడిగించాలో వద్దో తేల్చుకోవడానికి ప్రిన్సిపాల్ గారు ఒకరోజు నా ఆన్‌లైన్ క్లాసులో కూర్చుంటానన్నా నాకేమీ బెంగ కలగలేదు. (పొడిగించకపోతే కుప్పంలో మా మామ సిమెంటు కొట్లో బస్తాలు లెక్కపెట్టుకోవాల్సిందే.)

క్లాసు సగంలో ఉండగా ఆయన, "ఎవరినైనా ఒక ప్రశ్న అడగండి" అన్నారు. నేను ధీమాగా, "నువ్వు మైకు తెరువమ్మా" అని నూటికి నూరును పిలిచాను. కాసేపు గరగర. తర్వాత వీడియో కూడా తెరుచుకుంది. మొదట రేకుల కప్పు, ఆపైన ఒక ముక్కు, ఆఖరికి ఒక అవ్వ కనిపించారు.

"పాప యాడుండాది అవ్వా?" అన్నాను.

"తోటలో టమాటా కోస్తాండాదప్పా. పదిగంటలకు మండీ బండి వస్తాది. మద్దెలో పోతే హాజరు పడదంట గదా, అందుకని దినామూ నేనే ఫోను పట్టుకోనుండా."

ప్రిన్సిపాల్ గారు కళ్ళజోడు సర్దుకుని, "అయితే పాఠాలన్నీ నువ్వే విన్నావా?" అని అడిగారు.

"విన్యా సారూ. ఈ అప్ప శానా బాగా సెప్తాడు, ఆగడు అంతే. నిన్న డ్రిప్పు పైపు సంగతి సెప్పినాడు సూడు, అది తలకెక్కింది. పైపు సన్నదైతే నీళ్ళు తక్కువ పారతాయి, తీగ సన్నదైతే కరెంటూ అంతే. మాపటేళ పాపకు అదే సెప్పినా."

"మిగతాది?" అన్నాను.

"మిగతాది ఎవురికి సెప్తాండావో తెలీలేదప్పా. ఒక తూరైనా అడిగింటే పాప లేదని అప్పుడే సెప్పుండనా?"

ప్రిన్సిపాల్ గారు అందరినీ వీడియోలు తెరవమన్నారు. ఒక ఖాళీ కుర్చీ, ఒక గేదె, గడ్డం గీసుకుంటున్న ఎవరి బాబాయో కనిపించారు. సిగ్గుతో నా తల లుంగీదాకా వంగిపోయింది.

అయినా ఉద్యోగం నిలబడింది. ("మీ పాఠం చూసి కాదు, ఆ అవ్వను చూసి" అన్నారాయన.) ఆ మర్నాటినుంచి పిల్లలు డెయిరీలో పాలు పోసి వచ్చాకే, సాయంత్రం క్లాసు. పది నిమిషాలు చెప్పి ఆగడం, ఒక ప్రశ్న అడగడం, రానివాళ్ళకోసం అదే ముక్కని రికార్డు చేసి గ్రూపులో పెట్టడం. మొదట్లో ఆగినప్పుడల్లా ఆ నిశ్శబ్దానికి నాకు భయమేసేది. పోనుపోను వాళ్ళే మాట్లాడుతుంటే నాకు సందు దొరికేది కాదు. అంత సంతోషం నా ఇస్త్రీ చొక్కా ఎప్పుడూ చూడలేదు.

ఇప్పుడు కొత్త లెక్చరర్లకు ఆన్‌లైన్ పాఠాలు ఎలా చెప్పాలో నేనే నేర్పుతున్నాను. మొన్న నూటికి నూరు ఫోన్ చేసింది, ఇంజనీరింగ్ పూర్తయింది సార్ అని. పొంగిపోయి అభినందనలు, సలహాలు, జీవితానుభవాలు వరసగా చెప్పుకుపోయాను. ఎంతసేపు గడిచిందో గానీ, ఫోనులో ఆమె వెనకనుంచి తెలిసిన గొంతే వినిపించింది.

"ఆ అప్ప ఇంకా ఆగలేదా?"