తాడు కట్టొద్దని చెప్పే బోర్డు

పాము కరిస్తే ఏం చెయ్యాలో చెప్పే బోర్డు ఒకటి తయారు చేసి ఊళ్ళకు తీసుకెళ్దామని మా కాలనీ సంఘంలో మొదట అన్నది నేను. సైన్సు టీచరుగా రిటైరయ్యాక వాళ్ళను నేనడిగిన పని అదొక్కటే. సెక్రటరీ గారు నవ్వి, "మీరు బొమ్మలూ రంగులూ చూసుకోండి టీచర్ గారూ, మిగతాది మేం చూస్తాం" అన్నారు. ఆ నవ్వు నేను మర్చిపోలేదు.

ప్లైవుడ్ అయితే బస్సులో మోయలేమని, తేలికగా ఉండే సన్‌బోర్డు అట్టను మూడు పలకలుగా కోయించాను. వెనక గుడ్డ టేపు అంటించి, పుస్తకంలా మడతపడేలా చేశాను. పైన స్కూలు బ్యాగు పట్టీ బిగించాను. ఇంత చేసినా మీటింగులో నా పేరెత్తినవాళ్ళు లేరు.

నడిమి పలక నిండా ఒకటే మాట ఉండాలని గీసి ఇచ్చాను: "తాడు కట్టొద్దు." దివిసీమలో మా తమ్ముణ్ణి వరి చేలో పాము కరిచినప్పుడు, విషం పైకెక్కకూడదని పక్క చేలవాళ్ళు మోకాలి కింద తాడు బిగించారు. ప్రాణం దక్కింది. పాదం తీసేశారు. ఆ బిగింపు వల్ల పాదానికి ఇంకా చేటు జరిగిందని డాక్టరు చెప్పాడు. పొలాల్లో ఇప్పటికీ అందరూ ముందు వెతికేది తాడునే.

బోర్డు పెట్టాల్సిన రోజు పొద్దున, బెంజ్ సర్కిల్ దగ్గర ప్రింటింగ్ షాపులో దాన్ని విప్పి చూసి నిలువునా నీరయ్యాను. ప్రింటు ఖర్చు పెట్టుకున్న రైసుమిల్లు ఓనరు గారు నడిమి పలక నిండా ఫొటోలో నమస్కారం పెడుతున్నారు. ఆయన కింద మా కమిటీ అంతా వరసగా ఉంది.

"నేను రాసిచ్చిన మాటేది?" అన్నాను షాపతనితో.

"కింద ఉందండీ. సెక్రటరీ గారు ఫోన్ చేసి ఫొటోలు పైన పెట్టమన్నారు."

ఉంది, చీమ తలకాయంత.

"మళ్ళీ ప్రింటు తియ్యి."

"ఇప్పుడెక్కడవుద్దండీ? మిషన్ మీద పెళ్ళి ఫ్లెక్సీ నడుస్తోంది. అయినా మొహాల్లేకుండా ఎవరేయించుకుంటారు మేడమ్?"

చార్టు కాగితం కొని, ఆ షాపు బల్ల మీదే లావు మార్కరుతో "తాడు కట్టొద్దు" అని రాసి, మొహాల మీద గమ్ పెట్టి అంటించాను. బస్సులో మైలవరం దాకా అది ఊడకుండా అరచెయ్యి ఆనించే కూర్చున్నాను.

మైలవరం దాటాక పత్తి చేల మధ్య ఉంది మేం బోర్డు పెట్టాల్సిన ఊరు. పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేశారు. మిల్లు ఓనరుతో కారు దిగిన సెక్రటరీ బోర్డు చూసి నా దగ్గరకొచ్చి పళ్ళు బిగించి అన్నారు: "ఇదేం పనండీ! పెద్దాయన ముందు పరువు తీస్తారా? పీకెయ్యండి."

"పీకను."

ఈలోగా ఓనరు గారే వచ్చారు. "నా ఫొటో వేశామన్నారే, ఏదండీ?"

"దీని కిందుందండి."

వెనకెవరో కిసుక్కుమన్నారు. ఆయన నవ్వలేదు.

అప్పుడే జనంలో ముందు వరసలో కూర్చున్న ఒక కూలామె లేచింది. "కట్టకపోతే ఇసం గుండెకెక్కదా అమ్మా?"

నేను నోరు తెరిచేలోగా సెక్రటరీ అందుకున్నారు. "కొంచెం వదులుగా కట్టుకోమ్మా, ఏం కాదు."

"వద్దు!" అని అరిచాను. "వదులుగా అని మొదలెట్టి బిగించేస్తారు. కట్టొద్దు, కాటు దగ్గర కొయ్యొద్దు. కాలు కదపనీకుండా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి."

"మా మామ కట్టుతోనే బతికాడే?"

"మా తమ్ముడూ బతికాడమ్మా. పాదం పోయింది."

ఆమె ఇంకేదో అడగబోయింది. "చెప్పారుగా, ఇక ఫొటో దిగుదాం" అంటూ ఓనరు గారు కాగితం సర్రున లాగేశారు. అందరూ బోర్డు చుట్టూ నిలబడ్డారు. నన్ను పక్కకు జరగమన్నారు.

ఫొటో అయ్యాక వాళ్ళు టిఫిన్ల దగ్గరికి వెళ్ళారు. వెనక కూర్చున్న జనం అప్పుడు బోర్డు దగ్గరికి రావడం మొదలుపెట్టారు. కింద పడేసిన కాగితం తీసి మళ్ళీ పెట్టాను. గమ్ ఎండిపోయింది, అంటుకోలేదు. రెండు చేతులతో బోర్డుకు అదిమి పట్టుకుని, వచ్చినవాళ్ళందరికీ పైకి చదివి వినిపించాను. కూలామె ఇద్దరు ఆడవాళ్ళను వెంటబెట్టుకుని మళ్ళీ వచ్చింది. కాసేపు నేను పట్టుకుంటానని మా కమిటీలో ఒక్కరూ అనలేదు. ఎవరెవరు ఇడ్లీ తింటూ చూశారో నాకు గుర్తుంది.