పరంధామయ్య పేరు పెట్టుకున్న మందారం

మొక్కల మధ్య బతికేవాడు మెత్తని మనిషై ఉంటాడని లోకం నమ్ముతుంది. మట్టిలో చేయి పెట్టినవాడికి అహం కరుగుతుందని పెద్దలు కూడా సెలవిస్తుంటారు. ఇలా చెప్పేవాళ్లలో ఎక్కువమంది నర్సరీకి మొక్క కొనడానికి మాత్రమే వెళ్లినవాళ్లు.

కార్వేటినగరం దారిలో, వానలకు పారే వంక పక్కన పల్లపు నేలలో పరంధామయ్య నర్సరీ ఉంది. శ్రీ సిటీ ఫ్యాక్టరీల ప్రహరీల వెంట పూసే కాగితంపూలలో కొన్ని ఆయన తోటవే. అవి ఆయనకు కూడు. గర్వం మాత్రం ఒక మందారం. తెల్లవారుతూనే పసుపుగా విచ్చుకుని, పొద్దు వాలేసరికి కాల్చిన ఇటుక రంగుకు తిరిగేది. దానికోసం ఏళ్ల తరబడి ఒక పువ్వు పుప్పొడిని కుంచెతో మరో పువ్వుకు అద్ది, కాయ కట్టించి, గింజలు మొలిపించి, నచ్చని మొలకలను పీకి పారేశాడు. ఓపిక ఉన్న మనిషి; అంతవరకు కాదనలేము. ఆ తర్వాత పువ్వుకు తన పేరే పెట్టుకున్నాడు. పెళ్లి కుదిర్చిన మధ్యవర్తి పుట్టిన బిడ్డకు తండ్రినని చాటుకోవడం మనుషుల్లో అయితే సాగదు.

తిరుపతి పూల ప్రదర్శనలో మొక్క పక్కనే కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఎవరైనా వంగి చూస్తే ఆయన కళ్లు వాళ్ల వేళ్ల మీదే ఉండేవి.

ఆ చుట్టుపక్కల నర్సరీల వాళ్లకు ఒక కట్టుబాటు ఉంది. ఎవరి తోటలో కొత్త రకం పుట్టినా రెండు కొమ్మలు మరొకరి తోటకు పంపుతారు. ఇలాంటి మందారం గింజ వేస్తే అదే పువ్వు రాదు. కొమ్మను నాటు మందారం మీద అంటు కట్టాలి. ఒక తోటలో తెగులొచ్చి పోయినా రెండో తోటలో రకం మిగులుతుంది. ఒకప్పుడు పరంధామయ్య క్రోటన్లు తుడిచిపెట్టుకుపోతే, పొరుగు నర్సరీ మునిరత్నం తన దగ్గరున్న వాటినుంచే తిరిగి ఇచ్చాడు. పుచ్చుకునేటప్పుడు అది పరంధామయ్యకు ధర్మంగా తోచింది. తన మందారం దగ్గరికి వచ్చేసరికి తెలివితక్కువ ఆచారమైంది. తన తోటలో కూడా రెండో అంటు కట్టలేదు. రెండోది ఉంటే మొదటిదాని విలువ తగ్గుతుందట.

కార్తీకంలో తుపాను వచ్చి వంక పొంగింది. తోటలో నీళ్లు నిలిచి నాటు మందారాలన్నీ కుళ్లాయి, నీడ పందిరి కూలింది. పేరుగల మందారానికీ వేరుకుళ్లు పట్టింది. పై కొమ్మలు మాత్రం ఇంకా పచ్చగా ఉన్నాయి. మెరక మీద తోట ఉన్న మునిరత్నం సంగతి విని తానే వచ్చాడు.

"రెండు కొమ్మలియ్యి పరంధామన్నా. నా కాడ నాటు మొక్కలు ఉండాయి, అంటు కట్టి పెడతా. పేరు నీదే."

"పేరు నాదే ఉంటాది, పువ్వు మాత్రం నీ తోటలో పూస్తాది. సూసేకి వచ్చేవాళ్లు యాడికొస్తారు?"

"క్రోటన్లు ఎత్తుకపొయ్యేటప్పుడు ఈ లెక్క రాలేదే అన్నా నీకు."

పరంధామయ్య భార్య సిద్ధమ్మ కత్తెర తెచ్చి అరుగు మీద పెట్టింది. ఆయన దానివైపు చూడకపోయేసరికి అంది: "సచ్చినాక దాన్ని ఎవురూ ఎత్తుకపోరులే. ఇంగ నిమ్మళంగా పండుకోవచ్చు."

మమకారం ప్రేమకు ముదిరిన రూపమని సర్దిచెప్పిన తత్వవేత్తలున్నారు. వాళ్లు ఇలాంటి మనిషిని దగ్గరగా చూసి ఉండరు. ప్రేమించేవాడికి ఆ పువ్వు లోకంలో ఉంటే చాలు. ఈయనకు అది తన ప్రహరీ లోపల ఉండాలి. ఇంత చిన్న బుద్ధిని పెద్ద దుఃఖంగా చూపించుకోవడానికి, మునిరత్నం వెళ్లాక ఆయన కాసేపు కన్నీళ్లు కూడా పెట్టుకున్నాడు.

కొమ్మలు పచ్చగా ఉన్నన్నాళ్లూ మునిరత్నం నాటు మొక్కలను సిద్ధంగా ఉంచాడు. పరంధామయ్య కొమ్మ ఇవ్వలేదు. మందారం ఎండింది. దాన్ని పెరికించి, ఆ చోట కాగితంపూలు నాటించాడు.