కోటగోడలో నీటి గుటకలు

2001 వేసవి. గుంటూరు, ప్రకాశం జిల్లాల సరిహద్దులోని పాత కొండకోటలో పోలీసు శిక్షణ శిబిరం పెట్టారు. అక్కడి నీటి సరఫరా చూసే ఇంజనీరుని నేను. కోటపైన రాతిలో తొలిచిన పాత చెరువు పూడిక తీయించి, పైపు వేసి శిబిరానికి నీళ్లిచ్చాం.

నెల తిరక్కుండానే హెడ్ కానిస్టేబుల్ మస్తాన్ కబురు పెట్టాడు.

"వాల్వు కట్టేసినా గోడలో నీళ్లు పారుతున్నాయి మేడంగారూ. ఒకసారి చెవి పెట్టి వినండి."

మిట్టమధ్యాహ్నం ఎండలోనూ ఆ రాయి చల్లగా ఉంది. లోపల ఎవరో గుటక వేసి, ఆగి, మళ్లీ వేస్తున్నట్టు చప్పుడు. కానిస్టేబుళ్లు అప్పటికే ఆ గోడ పక్కనుంచి మంచాలు లాగేసుకున్నారు.

డై టెస్ట్ చేశాం. అంటే, నీళ్లలో రంగు కలిపి అదెక్కడ తేలుతుందో చూడటం. చెరువులో నీళ్లని ఊదారంగుకి మార్చే పర్మాంగనేటు కలిపి, శిబిరం చుట్టూ వెతికాం. ఎక్కడా రంగు జాడ లేదు.

సాయంత్రానికి కింది ఊరి కోటమ్మ అరుచుకుంటూ కొండెక్కింది.

"ఏం కలిపార్రా మా బావిలో? నీళ్లు వంకాయ రంగుకి తిరిగినయ్! మీరొచ్చిన కాడినుంచి పిల్లలకి విరేచనాలు. నా మనవడు లేవట్లేదు."

గోడ మొదట్లో తవ్వించాను. ఒకదాని మూతిలో ఒకటి దూర్చి, సున్నంతో అతికిన మట్టి గొట్టాలు బయటపడ్డాయి. ఎప్పటి సైనికుల కోసం వేసిన లైనో! తడిసిన లోపలి వైపు కుమ్మరి వేళ్ల గుర్తులు ఇంకా ఉన్నాయి. మేం పూడిక తీయడంతో చెరువులో దాని మూతి తెరుచుకుంది. పగుళ్లలోంచి గాలి లాగుతూ, ఆ గుటకల చప్పుడుతో నీళ్లు ఊరిబావిలోకి పోతున్నాయి. ఒక పగులు మాత్రం మా మరుగుదొడ్డి గుంతకి ఆనుకుని ఉంది.

వెంటనే మరుగుదొడ్లు మూయించాం. పిల్లవాణ్ణి శిబిరం జీపులోనే ఆసుపత్రికి పంపాం.

"ఆ గొట్టం పగలగొట్టి పూడ్చేయండి," అన్నారు శిబిరం అధికారి.

కోటమ్మ అడ్డుపడింది. "ఏటా ఉగాదికే ఎండే బావి అయ్యా అది. ఈ ఏడు ఎండలేదు. అమ్మవారి దయనుకున్నాం. పూడిస్తే మేమేం తాగాలి?"

గొట్టం ఉంచి, గుంతనే దూరంగా మార్చాం. పగిలిన చోట కొత్త పైపు వేసి, బావి తోడించి శుభ్రం చేయించాం. పిల్లవాడు కోలుకున్నాడు.

ఆనాటి నుంచి ఎక్కడ కొత్త లైను వేసినా, ముందు పల్లంలో ఉన్న ఊరికి వెళ్లి, వాళ్ల నీళ్లు ఎక్కణ్ణించి వస్తాయో అడుగుతాను. ఎండిందనుకున్న దారిలో కూడా నీళ్లు నడుస్తుంటాయి. ఆ చివర ఎవరో దోసిలి పట్టి ఉంటారు.