ముందొక పిడికెడు

ముందే ఒప్పుకుంటున్నాను, ఏదైనా పెంచి చెప్పే మనిషిని నేను. మా నారాయణఖేడ్‌లో నాలుగు చినుకులు రాలితే మంజీర మా గడప దాకా వచ్చిందంటాను. వినేవాళ్లు నాలుగింట మూడు వంతులు తీసేసుకోవాలి.

నైజాం కాలం నాటి సంగతి. మా క్రైస్తవ ఇళ్లలో ఆడవాళ్లు విసుర్రాయి ముందు కూర్చుంటే, మొదట ఒక పిడికెడు జొన్నలు తీసి దేవుడి కుండలో వేసేవారు. కుండ నిండాక ఆదివారం నాడు గుడిలో పోసేవారు. నా భార్య చెయ్యి చిన్నదే గానీ, ఆమె వేసే పిడికెడుతో ఏనుగుకు ఒక పూట గడిచేది.

"గట్ల పోస్తే మనకేం మిగుల్తదే?" అంటే, "మాలిక్‌కు ముందు, మనకు ఎన్క" అనేది. ఇంటి యజమాని, మాలిక్, ఆమెకు దేవుడే.

ఆ ఏడు వానలు వెలిశాక ఆమెకు జ్వరం పట్టుకుంది. నొసటి మీద రొట్టె కాల్చుకోవచ్చు, అంత జ్వరం. లక్ష ప్రార్థనలు చేశాను. ఎనిమిదో రోజు ఆమె పోయింది.

నాకు ఏడుపు రాలేదు. పాతిపెట్టి వచ్చి, చెప్పులు విడిచి, రెండూ సరిగ్గా ఉన్నాయా అని చూసుకున్నాను. పెట్టింది తిన్నాను. కూరలో ఉప్పు లేదని పక్కవాళ్లు అంటే తెలిసింది.

ఆదివారం పొద్దున మా అత్త, అంటే ఆమె తల్లి, దేవుడి కుండ చూపించింది.

"నిండింది. ఎత్తు అల్లుడా."

"నేనియ్య."

"ఏందీ?"

"మనం పిడికెడు పిడికెడు ఇస్తుంటే ఆయన కుండకు కుండే ఎత్కపోయిండు. ఇంకేం ఇయ్యాలె అత్తా?"

అత్త కొంగు నడుముకు చుట్టింది. "గా పిల్ల నీ సొత్తా? నీకన్న ముందు నా బిడ్డ. నాకన్న ముందు ఆయన బిడ్డ. నేను ఏడ్సుకుంటనే అంటున్న, ఆయనే మాలిక్. ఇగ ఎత్తు. నేనెత్తి నడుం ఇరగ్గొట్టుకుంటె దవాఖానకు నువ్వే మొయ్యాలె."

ఆ బెదిరింపుకు ఎత్తాను. కుండ కోట బురుజంత ఉంది.

గుడి అంటే జొన్నసొప్ప కప్పిన పాక. చాప మీద పోస్తే జొన్నలు పారి పారి ఆగడానికి అరగంట పట్టింది. ప్రార్థన నడిపే పంతులు, "ఒక్క మాట చెప్పు. నీకు మాటలు కరువా?" అన్నాడు. "దేవుడు గొప్పవాడు" అని అరిచాను. పాక కప్పు లేచి కోసుల అవతల మనూర్‌లో పడింది.

జ్వరం, కుండ, అరగంట, ఇవన్నీ పెంచినవే. పూర్తిగా కల్పించింది మాత్రం నేను ఆ మాట అన్నాననడం. ఖాళీ కుండను బోర్లించి దులుపుతూ ఉన్నాను. వెనక నుంచి అత్త, ఉప్పు అడిగినంత మామూలుగా, "దేవుడు గొప్పోడు" అంది. అందరూ ఆమెన్ అన్నారు. నేను అననందుకు ఆయన గొప్పతనంలో ఒక గింజ తగ్గలేదు. అన్నా పెరిగేది కాదు. పెంచడానికి వీల్లేనిది నా జన్మలో నాకు తగిలింది అదొక్కటే.

మర్నాడు ఆమె చోట నేనే విసుర్రాయి ముందు కూర్చుంటే, నా చెయ్యి దానంతటదే ముందొక పిడికెడు తీసి ఖాళీ కుండలో వేసింది. ఇది కల్పన కాదు. నా చెయ్యి పెద్దదే. పడ్డ జొన్నలు మాత్రం ఆమె వేసినన్ని లేవు.